సగములో విడిచిన పరీక్ష

వ్యాధిని ముందుగా కనిపెట్టు మార్గమును శాస్త్రజ్ఞులు కనుగొనుట ఒక యెత్తు. ఆ మార్గమున ప్రజలు తుదివఱకు నడచుట మఱియొక యెత్తు. మొదటి పని ప్రయోగశాలలో జరుగును. రెండవది మన యిండ్లలో జరుగవలయును. పెద్దప్రేగు క్యాన్సరు విషయమున మొదటి పని చాలవఱకు నెఱవేఱినది. రెండవ పని ధనికదేశములలో సైతము సగముదారి దాటి కొంతదూరమే సాగినది. మన దేశమున ఇంకను మొదలుకాలేదనియే చెప్పవలయును. ప్రజలీ పరీక్షలకు ఏల పోరు, పోయినవారు నడుమ ఏల నిలిచిపోవుదురు అను ప్రశ్నకు "అజ్ఞానము" అను నొక్కమాటను ప్రత్యుత్తరముగా జెప్పి తృప్తిపడుట మన విద్యావంతులకు అలవాటైపోయినది. ఆ ప్రత్యుత్తరము సగముమాత్రమే సత్యమనియు, మిగిలిన సగమునకు మనమందఱము బాధ్యులమనియు మా యభిప్రాయము.

ఈ వ్యాధి స్వల్పమైనది కాదు. 2022వ సంవత్సరమున ప్రపంచమందు 19 లక్షలకు పైబడిన జనులు క్రొత్తగా దీని వాతబడిరి. 9 లక్షలకు పైగా మరణించిరి. క్యాన్సరు మరణములలో ఊపిరితిత్తుల క్యాన్సరు తరువాతి స్థానము దీనిదే. అయినను ఇది హఠాత్తుగా మీదబడు శత్రువు కాదు. ప్రేగు లోపలిపొరపై ముందొక చిన్న బొడిపె లేచును. బొడిపెలన్నియు చెడ్డవి కావు. కాని వానిలో కొన్ని పెరిగి క్యాన్సరుగా మాఱును. అందులకు సాధారణముగా పదియేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు పట్టును. ఈలోపల ఆ బొడిపెను తీసివేసినచో వ్యాధి పుట్టకమునుపే దానిని తుడిచివేసినట్లగును. వ్యాధి ప్రేగును దాటకముందు బయటపడినవారిలో నూటికి సుమారు 90 మంది అయిదేండ్లకు మించి బ్రతుకుచుండగా, కాలేయము మున్నగు దూరపు అవయవములకు ప్రాకినపిమ్మట నూటికి 20 మందియైన అట్లు బ్రతుకుట లేదని అమెరికా లెక్కలు తెలుపుచున్నవి. చెఱువుకట్టకు ఎలుక బొరియ పడినపుడే పూడ్చు రైతు తెలివిగలవాడు. గండిపడిన తరువాత ఊరంతయు పారలు పట్టుకొని పరుగెత్తినను నీరు నిలువదు.

కనిపెట్టు సాధనములలో రెండు ముఖ్యమైనవి. ఒకటి మలపరీక్ష: కంటికి కనబడని రక్తపు జాడను ఇది పట్టుకొనును. రెండవది కొలనోస్కోపీ: కొనయందు చిన్న కెమెరాగల సన్నని గొట్టమును మలద్వారమునుండి పంపి వైద్యుడు ప్రేగు పొడవునను చూచును, బొడిపె కనబడినచో చాలవఱకు అప్పుడే తీసివేయును. మలపరీక్ష వాకిలివంటిది. అందు రక్తము కనబడినవారు కొలనోస్కోపీ చేయించుకొని తీరవలయును. లేనిచో మొదటి పరీక్ష చేసిన ప్రయోజనమే లేదు. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున జరిగి 1993లో ప్రకటితమైన పరిశోధనలో, ఏటేట మలపరీక్షకు పిలువబడిన వర్గమున ఈ వ్యాధివలని మరణములు మూడింట నొకవంతు తగ్గినవి. ఇంత సులభమైన పరీక్ష ఇంత మేలుచేయునని రుజువై ముప్పదియేండ్లు దాటినది.

మఱి ప్రజలు చేయించుకొనుచున్నారా? ఇంగ్లండులో 2006వ సంవత్సరమునుండి ప్రభుత్వమువారే మలపరీక్ష సామగ్రిని తపాలాద్వారా ఇండ్లకు పంపుచున్నారు. వైద్యునియొద్దకు పోనక్కఱలేదు, పైకము చెల్లింపనక్కఱలేదు. పూర్వపు పద్ధతిలో మూడుమాఱుల మలమునుండి, మాఱునకు రెండేసి చొప్పున, పుల్లతో దీసి అట్టపై పూయవలసియుండెను. ఒక్కమాఱు నమూనా తీసినచాలునను క్రొత్తపద్ధతిని 2014లో ప్రయత్నించి, పాతదానితో పోల్చి చూచిరి. పాతపద్ధతికి నూటికి 59 మంది నమూనా పంపగా, క్రొత్తపద్ధతికి 66 మంది పంపిరి. హితబోధ పెరుగలేదు, జనుల భయము తగ్గలేదు, పుల్ల పట్టవలసిన మాఱులుమాత్రమే తగ్గినవి. అంతమాత్రముననే నూటికి ఏడుగురు అదనముగా ముందునకు వచ్చిరి. 2019లో ఆ క్రొత్తపద్ధతినే ఇంగ్లండంతట ప్రవేశపెట్టిరి. అయితే అచ్చట స్థిరపడిన దక్షిణాసియా కుటుంబములలో ఈ పరీక్షకు సమ్మతించువారు తక్కినవారికంటె తక్కువయని పరిశీలనలు తెలుపుచున్నవి. ఇంటికి వచ్చిన పొట్లమును మూలవైచు కుటుంబములలో తెలుగు కుటుంబములు చేరకుండుగాక!

అమెరికా అనుభవమును ఈ సత్యమునే బలపఱచుచున్నది. టెక్సాసు రాష్ట్రమున భీమా లేని పేదలపై జరిగి 2013లో వెలువడిన పరిశోధనలో, వైద్యుడు సందర్భవశమున చెప్పుటకే విడిచిన వర్గమున నూటికి 12 మంది పరీక్షింపబడిరి. కొలనోస్కోపీకి రమ్మని ఇంటికి ఆహ్వానము పంపినపుడు 25 మంది వచ్చిరి. మలపరీక్ష సామగ్రినే ఇంటికి పంపినపుడు 41 మంది చేయించుకొనిరి. సాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగి 2012లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో, కొలనోస్కోపీ ఒక్కటియే చేయించుకొనుడని చెప్పినవారిలో నూటికి 38 మందియు, రెండింటిలో మీకిష్టమైనది ఎన్నుకొనుడని చెప్పినవారిలో 69 మందియు పరీక్ష ముగించిరి. ఆ ప్రజలు ఒక్కపట్టణపువారే. వారికి తెఱచిన దారులలో మాత్రమే భేదము. దారి ఇరుకైనచోట జనులు వెనుదిరిగిరి, వెడల్పైనచోట నడచిరి. వెనుదిరిగినవారిని మూర్ఖులని నిందించుటకు మునుపు మనము దారిని చూడవలదా?

అయినను అసలు దుఃఖకరమైన విషయము వేఱొకటి కలదు. మొదటి పరీక్ష చేయించుకొని, రక్తము కనబడినదని విని, పిమ్మట మిన్నకుండువారు పెక్కురున్నారు. 2017 మొదలు 2020 వఱకు అమెరికాలోని అనేక వైద్యసంస్థల లెక్కలను పరిశీలింపగా, మలపరీక్షలో దోషము కనబడినవారిలో ఇంచుమించు ఒక సంవత్సరము గడచునప్పటికి నూటికి 56 మంది మాత్రమే కొలనోస్కోపీ చేయించుకొనిరని తేలినది. తక్కిన 44 మంది సగములో నిలిచిపోయిరి. దోషము కనబడినపిదప పదినెలలకు మించి జాగుచేసినవారిలో, నెలలోపల చేయించుకొన్నవారికంటె, క్యాన్సరును ముదిరిన క్యాన్సరును అధికముగా కనబడినవని 2017లో కాలిఫోర్నియా పరిశీలన యొకటి తెలిపినది. అగ్గి అంటుకొన్నదని తెలిసినవాడు నీళ్లు తేక నిలుచుండుట అజ్ఞానమగునా? అతనికి తెలియనిదేమున్నది? తెలియుట వేఱు, కదలుట వేఱు. ఆ రెంటి నడుమ నుండు అగాధమునుగూర్చియే మేమీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఆ అగాధమున మొదటిది సిగ్గు. మన పెద్దలు గుండెనొప్పిని నలుగురిలో చెప్పుకొందురు. మధుమేహమును ఒకవిధమగు హోదాగా జెప్పుకొనువారును గలరు. మలద్వారమున రక్తము పడుచున్నదని మాత్రము కట్టుకొన్న భార్యకైన చెప్పరు. స్త్రీల మాట చెప్పనే యక్కఱలేదు. ఈ సిగ్గు నాగరకతాలక్షణమని యెంచువారికి మేమొక్క దృష్టాంతము చూపుదుము. గాంధీమహాత్ముడు 1918లో తన్ను మరణద్వారమునకు గొనిపోయిన గ్రహణిబాధను, తరువాత మలద్వారమున ఏర్పడిన పగుళ్ల బాధను ఏమియు దాచక ఆత్మకథయందు వ్రాసెను. 1901లో కలకత్తా కాంగ్రెసు సభకు వచ్చినపుడు చీపురు చేతబట్టి మరుగుదొడ్డి శుభ్రపఱచెను. శరీరధర్మమును మాటాడుటకు జాతిపిత సిగ్గుపడనిచోట మనము సిగ్గుపడుట మర్యాద యనిపించుకొనదు.

రెండవది భయము. పరీక్షయన్న భయముకంటె తీర్పన్న భయము హెచ్చు. క్యాన్సరను పేరు నోటరాదని, "ఆ జబ్బు", "గడ్డ" యని గుసగుసలాడు కుటుంబములు నేటికిని గలవు. ఇంట నట్టి రోగి యున్నాడని తెలిసిన పిల్లకు సంబంధము కుదరదేమో యని దాచువారు, రోగికే చెప్పక దాచువారు, "వ్రాసిపెట్టినది తప్పునా" యని చేతులు ముడుచుకొనువారు మన చుట్టుపట్ల కొల్లలు. ఈ వ్యాధి పెక్కు కుటుంబములలో రక్తసంబంధీకులకు అపాయసూచకము. కావున దాచుటవలన సంబంధము నిలుచునేమో కాని, తోబుట్టువుల ప్రాణములకు ముప్పు కలుగును. భయమును తొలగించుటకు ఉపన్యాసముకంటె ఉదాహరణము బలవత్తరము. అమెరికా టెలివిజనులో ప్రసిద్ధురాలైన కేటీ కూరిక్ అను నామె, భర్తను ఈ వ్యాధివలన 1998లో కోల్పోయి, 2000 మార్చిలో తాను కొలనోస్కోపీ చేయించుకొనుటను దేశమంతటికి చూపించెను. ఆ పిమ్మటి నెలలలో ఆ దేశమున ఈ పరీక్ష చేయించుకొనువారి సంఖ్య నూటికి ఇరువదివంతులవఱకు పెరిగినదని వైద్యపత్రికలు వ్రాసినవి. గౌరవస్థులొకరు ముందుగా నడచిన, వెనుక నూర్గురు నడతురు.

ఇక మన దేశస్థితి. పాశ్చాత్యదేశములతో పోల్చిన మనయందు ఈ వ్యాధి ఇంకను తక్కువ. కావున ఏబదియేండ్లు దాటిన ప్రతివారికిని మలపరీక్ష చేయవలెనని మేమిపుడు కోరుట లేదు. 2016లో కేంద్రప్రభుత్వమువారు వెలువరించిన మార్గదర్శకముల ప్రకారము ముప్పదియేండ్లు దాటినవారికి నోటి క్యాన్సరును, స్త్రీలకు రొమ్ము, గర్భాశయముఖ క్యాన్సరులను ముందుగా పరీక్షించు పద్ధతి ఏర్పడినది; పెద్దప్రేగు అందు చేరలేదు. కాని ఆ మూడింటి గతి యేమైనది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయముఖ పరీక్ష ఎన్నడైన చేయించుకొన్నవారు నూటికి ఇద్దఱైన లేరు. రొమ్ము పరీక్షకు ఒక్కరును నిండుగా లేరు. మూడు పరీక్షలనే నడిపింపలేని యేర్పాటుపై నాల్గవదానిని వేయుట వ్యర్థము. మొదట దారి బాగుపడవలయును.

అయితే ఈ క్షణముననే పరీక్షింపబడవలసిన రెండు తెగలవారు మనలో గలరు. తల్లి, తండ్రి, తోబుట్టువు, బిడ్డలలో ఎవరికైన ఈ వ్యాధి వచ్చినవారు మొదటి తెగ. వీరు నలువదియవ యేటనో, లేక ఆ బంధువునకు వ్యాధి బయటపడిన వయస్సుకంటె పదియేండ్లు ముందో, ఏది ముందయిన అప్పుడు పరీక్ష ప్రారంభింపవలెనని పెక్కుదేశముల వైద్యుల సలహా. మలములో రక్తము పడువారు, కారణములేక బరువు తగ్గుచు రక్తహీనులగువారు, మలవిసర్జనపు అలవాటు వారములతరబడి మాఱినవారు రెండవ తెగ. వీరిది ముందుజాగ్రత్త పరీక్ష కాదు, రోగనిర్ణయము. వీరికి ఆలస్యమే విషము.

ఈ రెండవ తెగవారే మనయందు మిక్కిలి దారితప్పుచున్నారు. రక్తము కనబడిన తోడనే "వేడిచేసినది, మజ్జిగ త్రాగుము" అని యింటివారందురు. తగ్గకపోయిన "మొలలు" అందురు. మన పట్టణములలో బస్సు నిలుచు చోటులందు చూడుడు: మొలలు, భగందరము ఒక్కనాటిలో శస్త్రచికిత్స లేకుండ మాన్పబడునను బల్లలు వ్రేలాడుచుండును. రక్తము పడు ప్రతివానికిని క్యాన్సరు గలదని మేము చెప్పుట లేదు; వారిలో పెక్కురకు నిజముగా మొలలే యుండును. కాని చూడకుండ మొలలని తీర్మానించుటకు ఎవ్వరికిని అధికారము లేదు. మొలలును క్యాన్సరును ఒక్క శరీరముననే యుండవచ్చును. ఒకదానికి పూత పూయుచుండగా రెండవది లోపల పెరుగుచుండును.

వైద్యుడు కొలనోస్కోపీ వ్రాసియిచ్చిన పిమ్మటనైన పని సులభమా? పరీక్షకు ముందు ప్రేగు పూర్తిగా శుభ్రపడవలయును. అందులకు ముందటి సాయంకాలమునుండి భేదిమందు కలిపిన నీటిని శేరులకొలది త్రాగి, మాటిమాటికి మరుగుదొడ్డికి పోవలయును. అరువదిమైళ్ల దూరపు పల్లెనుండి తెల్లవాఱుజామున బస్సెక్కి రావలసిన వృద్ధురాలు ఆ మందు త్రాగి బస్సులో ఎట్లు కూర్చుండగలదు? త్రాగక వచ్చిన ప్రేగు శుభ్రపడలేదని త్రిప్పిపంపుదురు. మత్తు ఇచ్చినపుడు వెంట నొకరు తప్పక యుండవలయును. అనగా ఇద్దఱి కూలి పోవును. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ క్యాన్సరు చికిత్సలో బీదలకు గొప్ప యాసరా యైనది. అందులకు సందేహము లేదు. కాని అట్టి పథకములు ప్రధానముగా ఆసుపత్రిలో చేరినపిదప చేయు చికిత్సకు ఉద్దేశింపబడినవి. రోగము ముదిరిన తరువాత లక్షలు వ్యయపఱచుటకు సిద్ధపడిన వ్యవస్థ, ముదురకముందు బస్సుకూలికిని ఒక్క రాత్రి బసకును దారి చూపకుండుట చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనుట కాదా?

ఇవన్నియు వైద్యవ్యాపారుల తంత్రములనియు, పరీక్షలవలన ప్రయోజనము తక్కువయనియు వాదించువారు గలరు. వారి సందేహము పూర్తిగా నిరాధారమని మేమనము. ప్యాకేజీల పేర అక్కఱలేని పరీక్షలు అంటగట్టు వర్తకము మన నగరములలో లేకపోలేదు. యూరపులో జరిగి 2022లో ప్రకటితమైన పెద్ద పరిశోధనలో, కొలనోస్కోపీకి పిలువబడిన వర్గమున పదియేండ్లలో ఈ వ్యాధి నూటికి 18 వంతులే తగ్గినది. మరణములలో స్పష్టమైన భేదము అప్పటికి కనబడలేదు. కాని ఆ వర్గమున పిలుపును మన్నించి వచ్చినవారు నూటికి 42 మంది మాత్రమే యను మాట మఱువరాదు. రానివారికి పరీక్ష మేలుచేయలేదన్న పరీక్ష నిష్ప్రయోజనమని యర్థముకాదు. పైగా మేము రక్తము పడువారిని, కుటుంబమున వ్యాధిగలవారిని గూర్చి నొక్కిచెప్పుచున్నాము. వారి విషయమున ఈ యాక్షేపణకు తావే లేదు.

మన ప్రజలు పరీక్షలకు రారను నిరాశకును తావులేదు. 1998లో బొంబాయి పేదవాడలలో మొదలైన పరిశోధనలో, వైద్యులు కాని, శిక్షణపొందిన ఆరోగ్య కార్యకర్త్రులు రెండేండ్లకొకమాఱు స్త్రీల గర్భాశయముఖమును పరీక్షించిరి. 2014లో వెలువడిన ఫలితముల ప్రకారము ఆ వ్యాధివలని మరణములు నూటికి 31 వంతులు తగ్గినవి. ఖరీదైన యంత్రము లేదు. వెనిగారు నీరు, వెలుతురు, శిక్షణపొందిన కన్ను. వీనికితోడు తమ భాషలో మాటాడి, తమ గుమ్మమునకు వచ్చి, తిరిగి వత్తునన్ననాడు తిరిగివచ్చు మనిషి. మన ప్రజలకు లోపించినది బుద్ధి కాదు, అట్టి మనిషి.

కావున ప్రభుత్వమువారిని మేము కోరునది మూడు మాటలు. దోషము కనబడిన రోగిచేతికి ఉత్తకాగితము కాక, పెద్దాసుపత్రిలో ఏ దినమున, ఏ గదికి, ఎవరియొద్దకు పోవలయునో నిర్ణయించి ఇయ్యవలయును. ఆ దినమున రానివారి యింటికి ఆశా కార్యకర్త మఱల పోవలయును. ఆ శ్రమకు ఆమెకు తగిన ప్రతిఫలము ముట్టవలయును. రోగనిర్ణయమునకగు వ్యయమును చికిత్సా వ్యయముతో సమానముగా పథకములందు చేర్చవలయును.

మా పాఠకులకు మా విన్నపము అంతకంటె ముఖ్యమైనది. కాశీరామేశ్వర యాత్రికులకొఱకు సత్రములు కట్టించి, మాన్యములు వ్రాసియిచ్చిన వంశములవారు మీలో ననేకులు గలరు. నేటి యాత్రికుడు రోగి. జిల్లా ఆసుపత్రి చెంత నాలుగు గదులు, ప్రతి గదికి నొక మరుగుదొడ్డి, ఒక రాత్రి బస: ఇంతమాత్రమున్న పల్లెటూరి వృద్ధురాలు గౌరవముతో మందుత్రాగి, ఉదయమున పరీక్షకు నడచిపోగలదు. ఒక్కొక్క పట్టణమున పదిమంది గృహస్థులు కూడిన ఇది అసాధ్యము కాదు. అది చేయలేనివారు తమ పాలేరునకో, పొరుగువానికో ఒకదినము తోడుగా పోవచ్చును. కూలి విఱుగకుండ చూడవచ్చును. ఇదియు చేయలేనివారు తమయింటనే మొదలుపెట్టవచ్చును. యజమాని సిగ్గువిడిచి తనకున్న లక్షణమును వైద్యునికి చెప్పి, పరీక్ష చేయించుకొని, ఆ సంగతిని భోజనపు పంక్తిలో నలుగురియెదుట చెప్పినచో, ఆ యింటి స్త్రీలకును, ఆ వీధివారికిని నోరు తెఱచుటకు ధైర్యము కలుగును. స్వరాజ్యమనగా మన దేహముల యోగక్షేమములను మనమే విచారించుకొనుట కూడ. నమూనా తీసినవారు ఫలితము తెచ్చుకొనుడు. ఫలితము విన్నవారు తరువాతి పరీక్షకు నడువుడు. నడువలేనివారికి చేయూతనిచ్చి నడిపింపుడు.